గుర్రాల డాక్టరు తరఫు ప్లీడరమ్మ

టీవీ సీరియల్లో ఎవడైనా హత్య చేశాడంటే చాలు, ప్లీడరమ్మ వాడి పక్షం. దొంగ నోట్లు అచ్చేసినా, బ్యాంకుకి కన్నం వేసినా, సొంత బావమరిదిని కాలవలోకి తోసినా ఆవిడ ముందు కళ్ళజోడు తుడుచుకుని, "అసలేం జరిగిందో పూర్తిగా వినకుండా నోరు పారేసుకోకండి" అనేది. ఆ తర్వాత అరగంటపాటు ఇంకెవరికీ నోరు తెరిచే అవకాశం ఉండేది కాదు.

నిజానికి ఆవిడ ప్లీడరు కాదు. కోర్టు గుమ్మం ఎలా ఉంటుందో కూడా టీవీలో చూసి తెలుసుకున్నదే. పెద్ద బస్టాండులో, ఏడో ప్లాట్‌ఫారం పక్కన ఉన్న పోయిన సామాన్ల కౌంటరుకి ఇన్‌ఛార్జి. ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయి దిగినవన్నీ అక్కడికి చేరతాయి. గొడుగులు, కళ్ళజోళ్ళు, ఒంటి చెప్పులు, ఒకసారి కట్టుడు పళ్ళ సెట్టు, ఇంకోసారి పెళ్ళికొడుకు కోటు. అన్నిటికీ చీటీ కట్టి, రిజిస్టర్లో ఎక్కించి, అరల్లో సర్దాలి. సొంతదారు వచ్చి ఆనవాళ్ళు చెబితే సంతకం పెట్టించుకుని ఇచ్చెయ్యాలి.

రిజిస్టరు రాసే పని పక్క కుర్చీలో ఉన్న గుమస్తాది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క కొట్టివేత ఎరగని చెయ్యి. ఎవరైనా కిటికీ దగ్గరికొచ్చి "నీలం సంచి పోయిందండీ" అంటే, "ముదురు నీలమా, లేత నీలమా?" అని అడిగేవాడు. వాళ్ళు కాస్త తడబడితే దొంగ దొరికినట్టు చూసేవాడు. ఆయన లెక్కలో లోకంలో రెండే రకాల మనుషులు. తప్పులు చేసేవాళ్ళు ఒక రకం. రెండో రకం తను.

సీరియళ్ళు ఆయన చూడడు. అయినా గుర్రాల డాక్టరు కథ మొత్తం ఆయనకి కంఠతా వచ్చు. పొద్దున పదింటికి టీ రాగానే ప్లీడరమ్మ ముందురోజు భాగం మొదలుపెట్టేది మరి. ఈ డాక్టరు పందెం గుర్రాలకి వైద్యం చేసేవాడు. మొదటి వారంలో, ఎవరో బతిమాలితే, బతికున్న గుర్రం చచ్చిపోయిందని ఒక కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం బయటపడకుండా ఇంకో కాగితం, దానికోసం ఒక దొంగతనం, దాన్ని చూసినవాడి కోసం ఒక హత్య. రెండేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో ముఠాలన్నీ అతన్ని చూసి లేచి నిలబడుతున్నాయి.

"అక్కయ్యగారూ, వాడు ముగ్గుర్ని చంపాడండీ" అనేవాడు గుమస్తా.

"ముగ్గురు కాదు తమ్ముడూ, రెండున్నర. మూడోవాడు ఆస్పత్రిలో వేళ్ళు కదుపుతున్నాడు."

"వేళ్ళు కదిలితే నేరం తగ్గిపోతుందా?"

"తగ్గదూ మరి? పైగా డాక్టరు పొద్దున్నుంచీ మెతుకు ముట్టలేదు. ఆ సంగతి ఎవరికీ పట్టదు."

డాక్టరు తిన్నాడా లేదా అన్నది ఆవిడకి పెద్ద దిగులు. అతను పిస్తోలు తీసినా, పెట్టెలు దాటించినా, ఆవిడ ముందు చూసేది బల్లమీద కంచం ఉందా లేదా అని. ఖాళీ కడుపుతో ఎవరూ సరైన నిర్ణయం తీసుకోలేరని ఆవిడ సిద్ధాంతం.

డాక్టరు కేసు కోర్టుకొచ్చిన రోజున రెండు గంటల ప్రత్యేక భాగం వేశారు. ఆవిడ పెందలాడే వెళ్ళడానికి అర్జీ పెట్టింది. కారణం అన్న చోట 'బాగా కావలసినవాడి కేసు, ఇవాళ విచారణ' అని రాసింది. బస్టాండు మేనేజరు మెత్తని మనిషి. మర్నాడు తనే కౌంటరు దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమైందమ్మా?"

"బెయిలొచ్చింది సార్."

"అమ్మయ్య! ఇంతకీ ఏం కేసు?"

"రెండు హత్యలు, ఒక గుర్రం."

ఆ తర్వాత వారం రోజులు మేనేజరు ఆవిడకి ఎదురుపడితే పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

ఇంకోసారి నిజం ప్లీడరొకాయన బస్సులో ఫైలు పోగొట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఫైలు అరలోనే ఉంది, చీటీ కూడా సరిపోయింది. ప్లీడరమ్మ దాన్ని చేతిలో పట్టుకుని, "ఒక్క మాట అడుగుతానండీ. మనవాడొకడు చచ్చిపోని గుర్రం చచ్చిందని రాశాడు. ఆ గుర్రం ఇప్పుడు నిజంగానే చచ్చిపోయింది. అలాంటప్పుడు పాత కాగితం అబద్ధం కిందికి వస్తుందా, తొందరపాటు కిందికి వస్తుందా?" అంది. ఆయన బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరూ మాత్రం తొందరపాటు అనే తేల్చారు.

ఒకరోజు గుమస్తాకి ఒళ్ళు మండింది.

"ఆ వెధవలో మీకేం నచ్చిందండీ అసలు? ఆ సీరియల్లోనే ఇనస్పెక్టరున్నాడు, నిప్పులాంటి మనిషి. ఆయన్ని మెచ్చుకోరేం?"

"మెచ్చుకోకేం? మంచివాడు. రేపూ మంచిగానే ఉంటాడు, ఎల్లుండీ ఉంటాడు. ఇంక వాణ్ణి చూడ్డానికేముంది? డాక్టరలా కాదే. ఇవాళైనా చెప్పేస్తాడేమో, ఇవాళైనా వెనక్కి వస్తాడేమోనని గుండె చిక్కబట్టుకుని కూర్చుంటాం. ఇంకోటి కూడా ఉందనుకో."

"ఏంటది?"

"మొదటిరోజు వాడు చేసిన పని, ఆ ఇరుకులో ఉంటే మనమూ చేసేవాళ్ళమేమో అనిపిస్తుంది. ఆ కాగితం రాసేటప్పుడు వాడి చెయ్యి ఎలా వణికిందనుకున్నావ్! రెండోసారి వణకలేదు. ఆ రెంటికీ మధ్య ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, 'ఏంటయ్యా అలా ఉన్నావ్?' అని అడిగి ఉంటే కథ అక్కడితో అయిపోయేది."

"నేనైతే మొదటిదే రాయను" అన్నాడు గుమస్తా, టీ గ్లాసు చప్పుడయ్యేలా కిందపెట్టి.

ఆ మాట అన్న రెండు నెలలకి, ఒక మంగళవారం, సరిగ్గా ఆఫీసు వదిలే వేళకి కుండపోతగా వాన పట్టుకుంది. ప్లీడరమ్మ అప్పటికే వెళ్ళిపోయింది. గుమస్తాకి గొడుగు లేదు. ఉండేది, కానీ ఆ పొద్దునే దాన్ని బస్సులో మరిచిపోయి దిగాడు. పోయిన సామాన్ల కౌంటరు గుమస్తా తన గొడుగే పోగొట్టుకున్నాడంటే బస్టాండంతా ఏడాదిపాటు నవ్వుకుంటుంది. అందుకని ఎవరితోనూ చెప్పలేదు. పక్కకి తిరిగి చూస్తే మూడో అరలో పదహారు గొడుగులు పొడిగా, హాయిగా పడుకుని ఉన్నాయి.

కౌంటరు సామాను సిబ్బంది ముట్టుకోకూడదు. ఆ రూలు గోడమీద అట్టముక్కపై రాసి తగిలించింది గుమస్తాయే. అయినా ఒక్క రాత్రికేగా, పొద్దున్నే తెచ్చి పెట్టేస్తే సరి అనుకున్నాడు. కంగారులో చేతికందినదాన్ని లాగాడు. వీధిలోకి వచ్చి విప్పాక చూశాడు, పిడి బాతు తల. చెక్కతో చెక్కిన ముక్కు, రెండు ఇత్తడి కళ్ళు. ఆ కళ్ళు దారిపొడుగునా ఆయన్నే చూశాయి.

బుధవారం ఎండ కాసింది. ఎండ కాస్తే గొడుగెవరికి గుర్తుంటుంది? ఆఫీసుకొచ్చి కూర్చున్నాక గుర్తొచ్చి గతుక్కుమన్నాడు. సరే, రేపు తెద్దాం అనుకుంటూ ఉండగానే కిటికీ దగ్గర చేతులకి పాలిష్ మరకలున్న మనిషొకడు నిలబడ్డాడు.

"నమస్కారమండీ. వడ్రంగిని. సోమవారం నాడు బస్సులో గొడుగు మరిచిపోయాను. పిడి బాతు తల ఉంటుంది."

'మా ఇంటి వసారాలో ఉంది, రేపు తెచ్చిస్తాను.' చెప్పాల్సింది అంతే. కానీ గుమస్తా నోరు ఆయన్ని అడక్కుండానే "రాలేదండీ" అంది.

"కాస్త సరిగ్గా చూడండి బాబూ. గొడుగు పోతే పోయింది, ఆ పిడి నేను వారం రోజులు కూర్చుని చెక్కాను. శుక్రవారం పొద్దున గొడుగుల కంపెనీవాళ్ళకి నమూనా చూపించాలి. వాళ్ళకి నచ్చితే ఏడాది పొడుగునా పని ఉంటుంది."

"రాలేదని చెప్పానుగా!"

వడ్రంగి వెళ్ళిపోయాడు. పక్క కుర్చీలో ప్లీడరమ్మ చీటీలకి దారాలు కడుతోంది. తల ఎత్తలేదు.

ఇక అక్కణ్ణుంచి గుమస్తా పడ్డ పాట్లు చెప్పనలవి కాదు. ముందు రిజిస్టరు తీశాడు. 'నల్ల గొడుగు, పిడి బాతు తల' అని తన ముత్యాల్లాంటి రాతలోనే ఉంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఒక గీత కొట్టి, 'పిడి మామూలు' అని రాశాడు. గీత వంకర పోయింది. ఆ బాతు గొడుగు చీటీ ఇంకో గొడుగుకి కడదామనుకుంటే, అది ఇంట్లో ఉన్న గొడుగుకే వేలాడుతోందని గుర్తొచ్చింది. కొత్త చీటీ రాశాడు. అదే నంబరు రెండోసారి రాస్తుంటే చెమటలు పట్టాయి.

సాయంత్రం టీ దగ్గర ప్లీడరమ్మ, "అన్నట్టు పొద్దున చెప్పడం మరిచా. నిన్న డాక్టరు చాలా ఇబ్బందిలో పడ్డాడు తమ్ముడూ" అంది.

"ఏమైందట?" మామూలుగా అయితే అడగడు. ఆవేళ అడిగాడు.

"చిన్న అబద్ధం. ఎవడో తన గుర్రం కళ్ళెం గురించి అడిగితే, ఇక్కడ లేదు పొమ్మన్నాడు. ఇంట్లో పెట్టుకుని. ఇంకా ఏం మించిపోలేదు, ఇట్టే దిద్దుకోవచ్చు. మరి దిద్దుకుంటాడో లేదో!"

గుమస్తాకి టీ పొలమారింది.

గురువారం గొడుగు తెచ్చాడు. బాతు తలకి న్యూసుపేపరు చుట్టాడు కానీ ముక్కు చించుకుని బయటికొచ్చింది. బస్సులో పక్కసీటు పెద్దాయన తొంగి చూసి, "వండుకోడానికా, పెంచుకోడానికా?" అన్నాడు. రెండు స్టాపుల ముందే దిగిపోయి నడిచాడు. గేటు దగ్గర పల్లీలమ్మేవాడు, "ఏంటి సార్, ఎండలో గొడుగు?" అని వెంటపడ్డాడు. కౌంటరు వైపు చూస్తే ప్లీడరమ్మ ముందే వచ్చి కూర్చుని ఉంది. ఆవిడ ముందు అరలో పెట్టడం ఎలా? వెనక్కి తిరిగి, చీపుళ్ళ గది తలుపు తీసి ఉంటే అందులోకి తోసి వచ్చాడు. మధ్యాహ్నం ఆవిడ భోజనానికి లేవగానే మార్చేద్దామని ఆలోచన.

ఆవిడ భోజనానికి లేవలేదు. డబ్బా కుర్చీలోనే విప్పింది. రెండింటికి ఎవరో నీళ్ళు ఒలకబోస్తే, తడి గుడ్డ కోసం బస్టాండు గార్డు చీపుళ్ళ గదిలోకి వెళ్ళాడు. గొడుగు బయటపడింది, దానికి కౌంటరు చీటీ కూడా వేలాడుతోంది. ఆ గది తాళం ఉండేది ఊడ్చే ఆవిడ దగ్గర. గార్డు ఆవిణ్ణి నిలబెట్టేశాడు. మేనేజరు వచ్చి, నాలుగింటికి తన గదిలో మాట్లాడదామన్నాడు.

"నేనెందుకు తీస్తానయ్యా? నేను ఊడ్చేది కప్పు కింద. నాకు గొడుగుతో ఏం పని?" అంటూ ఆవిడ ఏడ్చింది. పదకొండేళ్ళుగా ఆ బస్టాండు నేల మెరిసేది ఆవిడ చేతి చలవతోనే.

గుమస్తా కుర్చీలో బిగుసుకుపోయాడు. నోరు విప్పితే ఇరవై ఆరేళ్ళ పేరు గంగలో కలుస్తుంది. విప్పకపోతే ఆవిడ ఉద్యోగం పోతుంది. ఆయన మనసు మెల్లగా లెక్కలు కట్టడం మొదలెట్టింది. ఆవిడకి ఇంకోచోట పని దొరక్కపోదు. ఒక్క మందలింపుతో వదిలేస్తారేమో. అసలు గది తాళం వెయ్యకపోవడం ఆవిడ తప్పే కదా! ఈ మాటలు తనకెక్కడివా అని ఆలోచిస్తే, రెండేళ్ళుగా టీ గ్లాసుల మధ్య విన్న డాక్టరు మాటలే.

మూడున్నర అయింది. ప్లీడరమ్మ చీటీలు పక్కన పెట్టింది.

"నిన్నటి భాగం ఆఖర్లో ఏమైందో చెప్పలేదు కదూ? కళ్ళెం తోటమాలి గుడిసెలో దొరికింది. నేరం వాడి మీద పడింది. డాక్టరుకి ఇంక అరగంటే టైముంది."

"వాడు మాత్రం ఏం చేస్తాడండీ!" గుమస్తా అరిచాడు. కిటికీ అవతల ఇద్దరు ప్రయాణికులు ఉలిక్కిపడ్డారు. "చెప్పాలనే ఉంటుంది. ప్రతి గంటా ఉంటుంది. ఎవరికి చెప్పుకుంటాడు? ఎలా మొదలెడతాడు? నిన్న చెబితే ఒక్క అబద్ధమే, ఇవాళ చెబితే నాలుగు. వాడేం పుట్టు దొంగ కాదండీ!"

అని ఆగాడు. ఎప్పుడూ ఇనస్పెక్టరు పక్షమే అయిన తన నోట ఆ మాటలు విని ఆయనకే మతిపోయింది.

ప్లీడరమ్మ బల్లకింద ఉన్న ముక్కాలిపీట కాలితో ముందుకి జరిపింది. గుమస్తా వచ్చి దానిమీద కూలబడ్డాడు. వాన దగ్గర్నుంచి చీపుళ్ళ గది దాకా అంతా చెప్పేశాడు. ఆవిడ ఎందుకని అడగలేదు, ఛీ అనలేదు. అంతా విన్నాక అరలోంచి ఒక గొడుగు తీసి ముందు పెట్టింది. గుమస్తా సొంత గొడుగు.

"నిన్న పొద్దున నువ్వు రాకముందే ఎనిమిదో నంబరు బస్సు కండక్టరు ఇచ్చి వెళ్ళాడు. లోపల నీ పేరు కుట్టి ఉంది. మొన్న అంత వానలో నువ్వు ఎలా వెళ్ళుంటావా అనుకున్నాను. అరలో చూస్తే బాతు లేదు."

"అయితే మీకు అప్పుడే తెలుసా? మరి అడగలేదేం?"

ఆవిడ అడుగు సొరుగు లాగి ఒక పాత నోటుబుక్కు తీసింది. అందులో తీసుకెళ్ళినవాళ్ళ పేర్లు లేవు, వాళ్ళు తిరిగి తెచ్చిచ్చిన వస్తువులే ఉన్నాయి. ఉంగరం, ఆరు నెలల తర్వాత. నిఘంటువు, రెండేళ్ళ తర్వాత. ఇస్త్రీ పెట్టె, 'గాలికి మా మేడమీద వచ్చి పడింది' అని చెప్పి ఇచ్చారు. ప్రతిదాని పక్కనా ఆవిడ రాత, 'చేరింది' అని.

"ఇస్త్రీ పెట్టె గాలికి ఎగురుతుందా అక్కయ్యగారూ?"

"ఆవేళ పెద్ద గాలిలే. ఇన్నాళ్ళూ ఎక్కడుందని ఒక్కణ్ణి నిలదీస్తే, రేపు ఇంకొకడు రాడు తమ్ముడూ. తెచ్చేవాడికి దారిలో అడ్డం నిలబడకపోవడమే మన ఉద్యోగం. కానీ నీ సంగతి వేరు. అక్కడ పాపం ఆవిడ ఏడుస్తోంది. అందుకని నువ్వు తెచ్చి ఇస్తే చాలదు, వచ్చి చెప్పాలి. లే. నేనూ వస్తా."

మేనేజరు గదిలో గుమస్తా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఊడ్చే ఆవిడ నోరెళ్ళబెట్టింది. గార్డు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ప్లీడరమ్మకి జీవితంలో మొట్టమొదటి నిజం కేసు. గొంతు సవరించుకుంది కానీ, వాదన అంతా ఎక్కడికో ఎగిరిపోయింది.

"సార్, ఈయన... ఈయన పొద్దున్నుంచీ మెతుకు ముట్టలేదు సార్."

"దానికీ కేసుకీ సంబంధం ఏంటమ్మా?"

"ఉంటుంది సార్. పైగా చూడండి, చెయ్యి ఇంకా వణుకుతోంది."

మేనేజరు చూశాడు. నిజంగానే వణుకుతోంది. ఆయన పెన్ను కింద పెట్టాడు. "ముందు ఆవిడకి క్షమాపణ చెప్పండి. తర్వాత ఆ గొడుగు మీరే స్వయంగా తీసుకెళ్ళి వడ్రంగికి ఇచ్చి రండి, ఇవాళే. రేపు ఒక మెమో ఇస్తాను, జవాబు రాయండి."

"అంతేనా సార్?"

"మీరైతే ఏం చేసేవారు?"

"ఉద్యోగం తీసేసేవాణ్ణి సార్."

"అందుకే ఈ కుర్చీ మీకివ్వలేదు" అన్నాడు మేనేజరు.

ఊడ్చే ఆవిడ ముందు గుమస్తా చేతులు జోడించాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "వాన పడితే నన్నడగండి బాబూ, మా గదిలో ప్లాస్టిక్ పట్టా ఉంది" అంది. ఆ మాటతో గుమస్తా గుండెల మీంచి బండ దిగిపోయింది. వెంటనే భయంకరంగా ఆకలేసింది. ప్లీడరమ్మ బిస్కెట్ల పొట్లం ముందుంచితే నిలబడే మొత్తం తినేశాడు.

వడ్రంగి కొట్లో పొట్టు మధ్య కూర్చుని, హడావుడిగా ఇంకో బాతుని చెక్కుతున్నాడు. తొందరలో అది కాకిలా వస్తోంది. పాత బాతుని చూడగానే దాని తల నిమిరాడు. గుమస్తా చెప్పిందంతా విన్నాడు. "వానలో పట్టు జారలేదు కదండీ?" అని అదొక్కటే అడిగాడు. జారలేదని చెబితే, "రేపు కంపెనీవాళ్ళకి ఆ ముక్క కూడా చెబుతా" అని సంబరపడ్డాడు.

ఆ రాత్రి గుమస్తా రెండోసారి అన్నం పెట్టించుకుంటూ భార్యతో అన్నాడు. "ఇంతకీ తోటమాలి సంగతి ఏమైంది? డాక్టరు ఒప్పుకున్నాడా?"

"ఏ డాక్టరు?"

"అదే, గుర్రాల డాక్టరు. ఎనిమిదింటి సీరియల్."

"అదెక్కడుందండీ! సోమవారంతో అయిపోయిందిగా. డాక్టరు పడవెక్కి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ టైములో పాటల పోటీ వస్తోంది. అయినా అందులో తోటమాలి ఎవడండీ? రెండేళ్ళు చూశాను, ఒక్క తోట కూడా చూపించలేదు."

గుమస్తా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. ఆయన అలా నవ్వగా ఇంటావిడ అంతకుముందెప్పుడూ చూడలేదు.

శుక్రవారం పొద్దున పదింటికి టీ వచ్చింది. గార్డు వచ్చాడు. మైకులో బస్సుల వేళలు చెప్పే అమ్మాయి కూడా వచ్చింది. అడగాలనుకున్న మాట గుమస్తా నాలుక చివరే ఉంది. ఇంతలో ప్లీడరమ్మ కళ్ళజోడు తుడుచుకుని మొదలెట్టింది.

"నిన్న డాక్టరు ఏం చేశాడనుకున్నారు? అక్కకి వచ్చిన ఉత్తరం పొరపాటున విప్పి చదివేశాడు. మళ్ళీ అంటించలేక దాచేశాడు. రెండు రోజులుగా నిద్ర లేదు పాపం."

గుమస్తా నోరు తెరవబోయి చుట్టూ చూశాడు. గార్డు హాయిగా టీ ఊదుకుంటున్నాడు. మైకు అమ్మాయి మాత్రం గ్లాసు తాగకుండానే కింద పెట్టేసింది. మొహం పాలిపోయింది.

గుమస్తా అడగాలనుకున్నది మింగేశాడు. లేచి, గార్డు భుజం మీద చెయ్యి వేసి, "రావయ్యా, బయట ఎనిమిదో నంబరు వచ్చిందేమో చూద్దాం" అని లాక్కెళ్ళాడు. వెళుతూ వెళుతూ బల్లకింది ముక్కాలిపీటని కాలితో ఆ అమ్మాయి వైపు కాస్త జరిపాడు.